మతిమరుపు ముదురుతున్నా డాక్టరంటే రానంటున్న అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లడం ఎలా

నాన్న పొద్దున అడిగిన మాటే మధ్యాహ్నం అడుగుతున్నారు, సాయంత్రం మళ్లీ అడుగుతున్నారు. "ఓసారి డాక్టరుకు చూపిద్దాం" అంటే "నాకేమైందిరా, గుండ్రాయిలా ఉన్నా" అని కసురుకుంటున్నారు. పిల్లలు సాధారణంగా ఇక్కడే వాదనలోకి దిగుతారు. నిన్నటి సంగతి గుర్తుచేస్తారు, మొన్నటిది ఎత్తుతారు, మతిమరుపు ఉందని ఆయన నోటితోనే అనిపించాలని చూస్తారు. ఆ వాదనలో ఎవరు నెగ్గినా డాక్టరు దగ్గరకు వెళ్లే రోజు మాత్రం ఇంకాస్త వెనక్కి పోతుంది. ఆయన జబ్బును ఒప్పుకోవాల్సిన పనిలేదు. ఓ పూట డాక్టరు ముందు కూర్చుంటే చాలు. ఈ రెండింటినీ విడదీసి చూసిన ఇళ్లలో పని త్వరగా అవుతుంది, గొడవ తక్కువగా ఉంటుంది.

మన ఇంట్లోనే ఇలా ఉందేమో అన్న మొహమాటం అక్కర్లేదు. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (రోజువారీ పనులకు అడ్డుపడేంతగా మరుపు, తికమక ముదిరే జబ్బు) ఉందని 2023లో వెలువడిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఈ లెక్కన మీ వీధిలోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు. బయటికి చెప్పరంతే.

మొదటి అడుగు: ఇది రోజుల్లో వచ్చిందా, నెలల్లో వచ్చిందా?

నిన్నమొన్నటిదాకా బాగున్న మనిషి రెండు మూడు రోజుల్లోనే తికమకపడిపోతుంటే, పొంతన లేకుండా మాట్లాడుతుంటే, పగలంతా మగతగా పడుకుని రాత్రి కేకలు వేస్తుంటే దాన్ని మామూలు మతిమరుపు ఖాతాలో వేయకండి. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. పెద్దవాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, సోడియం పడిపోవడం, షుగర్ మరీ తగ్గిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు ఇలా చేస్తాయి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం కనబడకపోవచ్చు. మూతి వంకరపోవడం, ఒక పక్క చేయో కాలో పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం ఉంటే అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇలాంటప్పుడు ఒప్పించడాలు, బతిమాలడాలు ఉండవు. ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇంకో సంగతి కూడా కనుక్కోండి. ఈ రెండు మూడు నెలల్లో ఎక్కడైనా జారి పడ్డారా? బాత్రూములో పడి తలకు తగిలినా బొప్పి కూడా కట్టలేదని అందరూ మర్చిపోయి ఉంటారు. వారాల తర్వాత నడక తూలడం, మగత, మరుపు మొదలవుతాయి. పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం మెల్లగా చేరితే ఇలా జరుగుతుంది. గుండె కోసం రక్తం పలచబడే బిళ్లలు వాడేవాళ్లలో ఇది ఎక్కువ. స్కాన్‌లో తెలిసిపోతుంది, ఆపరేషన్‌తో చాలామంది తేరుకుంటారు. ఇంట్లో పనిచేసే ఆవిడను కూడా అడగండి, పడిన సంగతి ఆవిడకే తెలిసి ఉండొచ్చు.

నెలల తరబడి మెల్లగా ముదురుతున్న మరుపైతే మిగతా అడుగులు మీ కోసమే.

రెండో అడుగు: ఏ మరుపును పట్టించుకోవాలి

పెళ్లిలో కలిసిన దూరపు చుట్టం పేరు అప్పటికప్పుడు తట్టక, ఇంటికొచ్చాక గుర్తుకు రావడం వయసుతో వచ్చేదే. అసలు ఆ పెళ్లికి వెళ్లొచ్చిన సంగతే గుర్తులేకపోతే ఆలోచించాలి. తాళంచెవి ఎక్కడ పెట్టారో వెతుక్కోవడం ఎవరికైనా ఉంటుంది. తాళంచెవి ఫ్రిజ్‌లో దొరకడం, దాన్ని పనిమనిషే దాచిందని గట్టిగా అనడం వేరే కథ.

ఆసుపత్రి పరీక్షల కన్నా ముందు ఇల్లే చెబుతుంది. నలభై ఏళ్లుగా కళ్లు మూసుకుని చేసిన పులిహోరలో పోపు మర్చిపోవడం, చారులో ఉప్పు రెండుసార్లు పడటం, పాల గిన్నెలు వరసగా మాడటం. సంక్రాంతికి 21 చుక్కల ముగ్గు వేసే మనిషి ఈసారి చుక్కలు పెట్టి గీతలు ఎలా కలపాలో తెలియక లేచిపోవడం. బ్యాంకులో సంతకం తేడా వస్తోందని వెనక్కి పంపడం, కిరాణా కొట్టులో చిల్లర లెక్క తెగకపోవడం, రోజూ వెళ్లే గుడి నుంచి వస్తూ పక్క వీధిలోకి తిరగడం. సాయంత్రం కాగానే సొంత ఇంట్లో కూర్చుని "ఇక ఇంటికి పోదాం పదండి" అనడం. ఇవన్నీ ఒకే మనిషిలో ఉండక్కర్లేదు. ఇదివరకు చక్కగా చేసుకున్న పని ఇప్పుడు చేసుకోలేకపోతున్నారా అన్నదే గీటురాయి.

మరుపు లేకుండానే మొదలయ్యేవీ ఉన్నాయి. ఎప్పుడూ పెద్దమనిషి తరహాలో ఉండే ఆయన అరవైలోనే నలుగురిలో బూతులాడటం, అర్థంలేని కొనుగోళ్లు చేయడం మెదడు ముందు భాగం దెబ్బతిన్నందువల్ల కావచ్చు. గదిలో ఎవరో చిన్నపిల్లలు ఆడుకుంటున్నారని, గోడ మీద జంతువులు కనబడుతున్నాయని చెబితే చాలా ఇళ్లలో గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. లూయీ బాడీ అనే రకం డిమెన్షియాలో ఇలా కనిపించడం మామూలే. ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. మానసిక సమస్యలకిచ్చే కొన్ని మందులు ఈ రకం రోగులకు బాగా హాని చేస్తాయి.

మూడో అడుగు: రెండు మూడు వారాలు రాసిపెట్టుకోండి

"ఈమధ్య బాగా మర్చిపోతున్నారండీ" అన్న మాటతో డాక్టరుకు ఒరిగేదేమీ లేదు. చిన్న నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ఏం జరిగింది, ఎవరు చూశారు. అంతే. "12వ తేదీ: పొద్దున 8కి బీపీ బిళ్ల వేసుకున్నారు, 9కి మళ్లీ వేసుకోబోయారు, అమ్మ ఆపింది." "17: కరెంటు బిల్లు కట్టావా అని గంటలో ఆరుసార్లు అడిగారు." "20: చెల్లెలి ఊరు చెప్పారు, ఆమె పోయిన సంగతి గుర్తులేదు." ఈ పుస్తకం పెద్దవాళ్ల కంట పడనీయకండి. మీ మీద నిఘా పెట్టాం అని చెప్పినట్టుంటుంది.

ఎప్పటి నుంచి అన్న ప్రశ్నకు పండగలూ శుభకార్యాలే మంచి కొలబద్ద. "కిందటి ఉగాదికి బాగానే ఉన్నారు, దసరాకు మనవడి పేరు తడబడ్డారు" అంటే డాక్టరుకు కాలం తెలుస్తుంది.

దూరదేశంలో ఉన్న పిల్లలకు ఒక మాట. వీడియో కాల్‌లో ఇరవై నిమిషాలు అమ్మానాన్నలు బ్రహ్మాండంగా నెట్టుకొస్తారు. "బాగున్నావా, తిన్నావా, పిల్లలు స్కూలుకెళ్లారా" అన్న మాటలు ఏళ్ల తరబడి నోటికి వచ్చినవి, వాటికి జ్ఞాపకశక్తితో పనిలేదు. మధ్యాహ్నం ఏం కూర తిన్నారు, నిన్న ఎవరొచ్చారు అని అడిగి చూడండి, జవాబు అక్కడున్న వాళ్లతో సరిచూసుకోండి. ఇంట్లో ఉండి చూసుకుంటున్న అన్నయ్యో వదినో "బాలేదు" అంటే "నాతో బాగానే మాట్లాడారే" అని మాత్రం అనకండి. రోజూ చాకిరీ చేస్తున్న మనిషిని ఆ ఒక్క మాట కుంగదీస్తుంది.

నాలుగో అడుగు: ఎందుకు రానంటున్నారో తెలుసుకోండి

కారణం తెలియకుండా ఒప్పించబోతే గోడకు చెప్పినట్టే. అందరూ మొండితనం అనుకునేదాంట్లో చాలా భాగం మొండితనం కాదు. తన లోపం తనకు తెలియకుండా పోవడం జబ్బులో భాగమే. తనను తాను గమనించుకునే మెదడు భాగాలు దెబ్బతింటే, మర్చిపోయానన్న సంగతే ఆ మనిషికి తెలియదు. "నాకేం కాలేదు" అన్నది ఆయన వరకు నిజం. సాక్ష్యాలు చూపిస్తే అబద్ధాలు అంటగడుతున్నారనుకుంటారు.

ఇంకొందరికి లోలోపల తెలుసు, అందుకే భయం. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో వేస్తారేమో, చిన్న వాల్తేరు ఆసుపత్రికి పంపుతారేమో అన్నంత భయం ఆ తరంలో ఉంది. మతి అన్న మాట వినబడగానే పిచ్చి అన్న మాట తగులుతుంది. కొందరికి ఖర్చు బెంగ, పిల్లల మీద భారం పడతామని. ఇంకో అనుమానం పైకి అనరు: "మతిస్థిమితం లేదని కాగితం రాయించి ఆస్తి లాక్కుంటారు." మీకు అలాంటి ఉద్దేశం లేకపోవచ్చు, కానీ ఆ ఊళ్లో ఎవరి ఇంట్లోనో జరిగింది వాళ్లు చూసే ఉంటారు. అందుకే ఇంటి కాగితాలు, పొలం పంపకాల మాట ఎత్తిన వారంలో డాక్టరు మాట ఎత్తకండి.

భార్య లేదా భర్త కప్పిపుచ్చడం ఇంకో అడ్డంకి. నాన్న మర్చిపోయిన మాటను అమ్మ వెనక నుంచి అందిస్తుంది. ఆయన పరువు ఆవిడ పరువే. ముందు ఆవిడతో విడిగా కూర్చుని, ఆవిడ రాత్రిళ్లు నిద్రపోతోందా లేదా అని అడగండి. ఆయన జబ్బు గురించి అడిగితే రాని జవాబు, ఆవిడ అలసట గురించి అడిగితే వస్తుంది.

ఐదో అడుగు: ఎవరు అడగాలి, ఎప్పుడు, ఏమని

అసలు పని ఇదే, కాస్త నిదానంగా చూద్దాం.

అడిగేది మీరే కానక్కర్లేదు. మన ఇళ్లలో కొన్ని మాటలు కొందరి నోటి నుంచే చెల్లుతాయి. కొడుకు పదిసార్లు చెప్పినా కదలని మామగారు అల్లుడు ఒక్కసారి "మామయ్యగారూ, రేపు నాతో రండి" అంటే చొక్కా వేసుకుంటారు. మనవరాలు చెయ్యి పట్టుకుని అడిగితే కాదనలేరు. ఉద్యోగంలో కలిసి పనిచేసిన స్నేహితుడు, తమ్ముడు, మేనల్లుడు, ఎప్పుడూ చూసే ఊరి డాక్టరు ఎవరైనా సరే. ఆయన ఎవరి మాట వింటారో మీకే బాగా తెలుసు. కోడలు మాత్రం ముందుండి ఈ మాట ఎత్తకపోవడం మేలు. ఆమె ఎంత ప్రేమగా చెప్పినా "నన్ను పిచ్చిదాన్ని చేస్తోంది" అన్న అర్థమే తీస్తారు. ఇది న్యాయం కాదు, నిజమే, కానీ ఇక్కడ న్యాయం కన్నా పని కావడం ముఖ్యం. ఎవరో ఒకరే అడగాలి. నలుగురూ చుట్టూ కూర్చుని చెబితే పంచాయితీ పెట్టినట్టుంటుంది.

పొద్దున టిఫినూ కాఫీ అయ్యాక మనసు తేటగా ఉంటుంది. సాయంత్రం పొద్దుగుంకే వేళ చాలామందికి చికాకు పెరుగుతుంది, అప్పుడు వద్దు. ఏదో మర్చిపోయి ఇల్లంతా గోలైన వెంటనే అసలు వద్దు, చుట్టాల ముందు అంతకన్నా వద్దు.

ఇక ఏమనాలి? "నాన్నా, మీకు మతిమరుపు బాగా పెరిగింది, నరాల డాక్టరుకు చూపించాలి" అన్న వాక్యంలో ఆయన్ను గుచ్చేవి మూడున్నాయి. దాని బదులు ఆయన తనంతట తాను చెప్పుకునే బాధను పట్టుకోండి. మోకాళ్లు, నిద్ర, కళ్లు తిరగడం, మూత్రానికి రాత్రి నాలుగుసార్లు లేవడం, తిమ్మిర్లు, ఏదో ఒకటి ఉండే తీరుతుంది.

"నాన్నా, రాత్రుళ్లు నిద్రపట్టట్లేదన్నారు కదా. షుగర్ చూపించి కూడా చాలా రోజులైంది. నాకూ బీపీ చూపించుకోవాలి. శుక్రవారం వెళ్దామా, శనివారమా?"

రావాలా వద్దా అన్న ప్రశ్న ఇందులో లేదు, ఏ రోజన్నదే ఉంది. పైగా మీరూ చూపించుకుంటున్నారు, ఆయన ఒక్కరే రోగి కాదు. నిజంగానే మీరూ బీపీ చూపించుకోండి.

అమ్మ విషయంలో చాలాచోట్ల పనిచేసేది భయం చెప్పడం కాదు, మన బెంగ చెప్పుకోవడం. "అమ్మా, నీకేమీ లేదనే నేనూ అనుకుంటున్నా. కానీ ఆఫీసులో కూర్చున్నా నాకు ఇదే ఆలోచన. ఒక్కసారి చూపించుకుంటే నేను నిశ్చింతగా ఉంటా. నా కోసం రావా?" బిడ్డ కోసమంటే కాదనే తల్లి తక్కువ.

తానుగా "ఈమధ్య ఏదీ గుర్తుండట్లేదు" అంటున్నవారికి ఇంకో దారి ఉంది. "బీ12 తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా మరుపు వస్తుందట, ఇంజెక్షన్లతో, బిళ్లలతో తగ్గుతుందట. రక్తపరీక్ష చేయిస్తే పోయేదేముంది?" ఇది మభ్యపెట్టే మాట కాదు, నిజమే. తన మరుపు గురించి తానే అదేపనిగా బెంగపడేవారిలో, ముఖ్యంగా జీవిత భాగస్వామి పోయిన తర్వాత, డిప్రెషన్ ఉండే అవకాశం కూడా ఎక్కువ. దానికీ మందులున్నాయి.

అబద్ధం చెప్పొచ్చా అని చాలామంది అడుగుతారు. నా లెక్క ఇది: బీపీ కోసమని తీసుకెళ్లి అక్కడ నిజంగా బీపీ చూపించి, దాంతోపాటు డాక్టరు నాలుగు ప్రశ్నలు అడిగితే తప్పులేదు. గుడికని కారెక్కించి ఆసుపత్రి ముందు దింపడం మాత్రం వద్దు. ఆ సంఘటన మర్చిపోయినా, మోసపోయానన్న భావం మిగిలిపోతుంది. తర్వాత మీరు ఎక్కడికి రమ్మన్నా కాలు కదపరు.

కాదంటే ఆ పూటకు వదిలేయండి. మాట మార్చి టీవీ పెట్టండి. వారం పది రోజుల తర్వాత ఇంకో దారిలో, వీలైతే ఇంకో మనిషితో మళ్లీ ఎత్తండి. తేదీ ఖాయమయ్యాక పది రోజుల ముందే చెప్పి రోజూ గుర్తుచేయకండి. ముందురోజు రాత్రో ఆ పొద్దున్నో చెబితే సరిపోతుంది.

ఆరో అడుగు: ముందు ఏ డాక్టరు

నేరుగా పెద్ద న్యూరాలజిస్టు దగ్గరకు పరుగెత్తక్కర్లేదు. ఏళ్లుగా షుగరూ బీపీ చూస్తున్న డాక్టరు ఉంటే అక్కడే మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు ఆయనంటే గురి. వెళ్లే ముందు ఒక చీటీ ఆయనకు చేరవేయండి, ఫోన్‌లో అయినా, కాంపౌండరు చేతికైనా: "ఎనిమిది నెలలుగా మరుపు పెరుగుతోంది, రెండుసార్లు దారి తప్పారు, మందులు రెండేసిసార్లు వేసుకుంటున్నారు, జబ్బు మాట ఎత్తితే కోపం. బీపీ కోసమని తీసుకొస్తున్నాం." తెలివైన డాక్టరుకు ఇది చాలు, మిగతాది ఆయన నడిపిస్తారు.

మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. చీటీలే కాదు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవీ, పక్కింటావిడ ఇచ్చినవీ. మరుపు పెంచే మందులు ఈ సంచిలోనే దొరుకుతుంటాయి. ఏళ్ల తరబడి వేసుకుంటున్న అల్‌ప్రజోలం నిద్ర బిళ్ల, జలుబుకని వాడే మత్తు మాత్ర, మూత్రం ఆపుకోలేకపోతున్నందుకు రాసిన కొన్ని రకాల బిళ్లలు అలాంటివే. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ చాలా కాలంగా వాడుతున్నా, రోజూ పరగడుపున గ్యాస్ బిళ్ల మింగుతున్నా బీ12 తగ్గొచ్చు, శాకాహారులైతే ఇంకా ఎక్కువ. అయినా మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి. ముఖ్యంగా నిద్ర బిళ్ల ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావొచ్చు.

రక్తపరీక్షల్లో మామూలుగా సీబీపీ, థైరాయిడ్, బీ12, షుగర్, సోడియం, క్రియాటినిన్, లివర్ పరీక్షలు రాస్తారు. అవసరాన్ని బట్టి ఇంకొన్ని ఉంటాయి. మెదడుకు సీటీ గానీ ఎమ్మారై గానీ తీస్తారు. చెవులు కూడా చూపించండి. వినపడని మాట గుర్తుండదు కదా, చెవుడును మతిమరుపు అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. నడిచేటప్పుడు పాదాలు నేలకు అతుక్కున్నట్టుండటం, మూత్రం ఆగకపోవడం, మరుపు ఈ మూడూ కలిసి ఉంటే మెదడులో నీరు చేరిందేమో చూస్తారు, దానికి ఆపరేషన్ ఉంది.

ఆ తర్వాత న్యూరాలజిస్టు, అంటే మన వాడుకలో నరాల డాక్టరు. మానసిక వైద్యులు, వృద్ధుల వైద్య నిపుణులు కూడా దీన్ని చూస్తారు. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, గుంటూరులో జీజీహెచ్, తిరుపతిలో స్విమ్స్, మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి. అనంతపురం వైపు వారికి బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర. పెద్దాసుపత్రిలో క్యూ భయంకరంగా ఉంటుంది కాబట్టి ఒకరు ముందెళ్లి ఓపీ చీటీ తీసుకుని నంబరు దగ్గరపడేసరికి పెద్దాయన్ను రప్పించండి. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెడితే లోపలికి వెళ్లకుండానే ఇంటికి వెళ్లిపోదాం అంటారు. 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల బీమా మొదలైంది. అది ఆసుపత్రిలో చేరినప్పటికే, ఓపీ ఖర్చులకు చేతి డబ్బే.

సెలవు మీద వచ్చే ఎన్నారైలు దిగిన మూడు రోజుల్లోపే మొదటి డాక్టరు పని పెట్టుకోండి. రక్తపరీక్షల రిపోర్టులు, స్కాన్ తేదీ, మళ్లీ చూపించడం అన్నీ కలిపి రెండు వారాలు ఇట్టే అయిపోతాయి.

ఏడో అడుగు: ఆ రోజు

తిని బయల్దేరండి, పరగడుపు పరీక్ష ఉంటే టిఫిన్ వెంట తీసుకెళ్లండి. కళ్లజోడు, వినికిడి యంత్రం మర్చిపోవద్దు. అవి లేకుండా పరీక్షలో కూర్చుంటే మార్కులు ఊరికే తగ్గుతాయి. వెంట ఇద్దరు వెళ్తే మేలు. ఒకరు ఆయనతో బయట కూర్చుంటే ఇంకొకరు డాక్టరుతో విడిగా అయిదు నిమిషాలు మాట్లాడొచ్చు.

లోపల డాక్టరు అడిగేవి పసిపిల్లల ప్రశ్నల్లా ఉంటాయి. ఈరోజు ఏ వారం, ఇది ఏ ఊరు, గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించండి. ఎంఎంఎస్‌ఈ, మోకా, అడెన్‌బ్రూక్స్ లాంటి పరీక్షలివి. తెలుగులో చేసేవి ఉన్నాయి, చదువురానివారికి తగినవీ ఉన్నాయి. ఇంగ్లిషులో అడుగుతుంటే తెలుగులో చేయమని కోరండి. ఎంతవరకు చదివారో, ఏ పని చేసేవారో ముందే చెప్పండి, మార్కులను దాన్నిబట్టే చూడాలి.

మా బంధువుల్లో ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. డాక్టరు మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు, తర్వాత నూరులోంచి ఏడు తీసుకుంటూ పొమ్మన్నాడు. మాస్టారు "తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది" అని గడగడా చెప్పి, "అరవై అయిదు దగ్గర ఆపమంటారా, ఇంకా పోనా?" అని నవ్వారు. ఆయన భార్య మా వైపు చూసింది, చూశారా ఏమీ లేదు అన్నట్టు. "ఇందాక చెప్పిన మూడు మాటలేంటి మాస్టారూ?" అన్నాడు డాక్టరు. "మీరు మాటలేమీ చెప్పలేదండీ" అన్నారాయన చాలా మర్యాదగా. భార్య నోరు తెరవబోతే డాక్టరు చేత్తో వారించాడు. డాక్టరు ఒక్కచోట కూడా తప్పు అనలేదు, మాస్టారూ అన్న పిలుపు విడిచిపెట్టలేదు. అందుకే ఆయన రెండోసారి పేచీ లేకుండా వచ్చారు.

మీరు చేయాల్సింది ఇందులోనే ఉంది. జవాబు అందించకండి, తప్పు చెబితే తల కొట్టుకోకండి, ఆయన ముందే ఇంటి సంగతులన్నీ ఏకరువు పెట్టకండి. ఆ నోట్‌బుక్కు ఉన్నది అందుకే, చేతికిచ్చేయండి.

ఎంత చెప్పినా రాకపోతే

ముందు మీరొక్కరే వెళ్లండి. నోట్‌బుక్, మందుల సంచి, పాత రిపోర్టులు తీసుకుని డాక్టరుతో మాట్లాడితే ఏది తొందరో ఏది కాదో తేలుతుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబులు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉన్నాయి. తెలిసిన డాక్టరు చుట్టపుచూపుగా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ మాట్లాడినా సగం పని అవుతుంది. ఊళ్లో ఉచిత కంటి శిబిరం, షుగర్ శిబిరం పెట్టినప్పుడు నలుగురితోపాటు వచ్చేవాళ్లు ఉంటారు. ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లోనూ డాక్టరుతో మాట్లాడొచ్చు. వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్ 14567, మానసిక ఆరోగ్య సలహా కోసం టెలీ మానస్ 14416 ఉన్నాయి, రెండూ ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకం) సంఘం ఏఆర్‌డీఎస్‌ఐకి హైదరాబాద్‌లో శాఖ ఉంది, ఇదే దారిలో నడిచిన కుటుంబాలు అక్కడ కలుస్తాయి.

ఈలోగా ప్రమాదాలను ఆపాలి. మందులు మీ చేతిలో పెట్టుకుని పూటకు పూట ఇవ్వండి, ముఖ్యంగా షుగర్ బిళ్లలు, ఇన్సులిన్. రాత్రి సిలిండరు రెగ్యులేటరు కట్టేయండి. జేబులో పేరు, ఫోన్ నంబరు ఉన్న కార్డు పెట్టండి. స్కూటరు తాళాలు "రిపేరుకిచ్చాం" అని తీసేయడం నాకు తప్పుగా అనిపించదు, రోడ్డు మీద ఇంకొకరి ప్రాణం కూడా ఉంటుంది. ఓటీపీ అడిగే ఫోన్లకు దొరికిపోకుండా ఎక్కువ డబ్బున్న ఖాతాకు ఆయన ఫోన్‌లో యూపీఐ తీసేయండి. వంటింట్లో మంట, రోడ్డు మీద తప్పిపోవడం, తిండి మానేయడం, ఇతరుల మీద చెయ్యి చేసుకోవడం మొదలైతే ఇక బుజ్జగింపుల కోసం ఆగకండి. ఆ రోజే డాక్టరుతో మాట్లాడి ఏం చేయాలో అడగండి.

వెళ్లొచ్చాక

రిపోర్టులో బీ12, థైరాయిడ్ లాంటిది దొరికితే చికిత్స చేసి కొన్ని నెలల తర్వాత మళ్లీ చూస్తారు. అల్జీమర్స్ అని తేలితే డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ లాంటి మందులు రాస్తారు. ఇవి జబ్బును పోగొట్టవు, కొందరిలో కొంతకాలం పరిస్థితిని నిలబెడతాయి. డోనెపెజిల్‌తో మొదట్లో వికారం, విరేచనాలు రావొచ్చు, గుండె వేగం తగ్గొచ్చు, అందుకే కొందరికి ముందు ఈసీజీ తీస్తారు. వారం రోజులకే "ఏం తేడా లేదు" అని మానేయకండి.

జబ్బు పేరు ఆయనకు చెప్పాలా? అడిగితే చెప్పండి, అడిగినంతే చెప్పండి. "మెదడులో రక్తప్రసరణ కాస్త తగ్గిందట" అని అల్లడం కన్నా "మరుపు జబ్బు మొదలైంది నాన్నా, మందు ఇచ్చారు, నేనున్నా" అనడం మేలు. తెలివి నిలకడగా ఉన్న తొలి దశలోనే ఆయన ఇష్టాలు ఆయన నోటే వినండి: ఎవరి దగ్గర ఉండాలి, ఎలాంటి వైద్యం వద్దు, పింఛను ఎవరు చూడాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఆయనే ముందుగా రాసిపెట్టుకోవచ్చు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అనుకునేవారికి ఒక హెచ్చరిక: మన చట్టంలో, రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే అది చెల్లకుండా పోతుంది. తర్వాత సంరక్షకుడి నియామకం కోసం హైకోర్టు దాకా తిరిగిన కుటుంబాలున్నాయి. వీలునామా అయినా, ఖాతాకు నామినీ అయినా ఆయనకు అర్థమవుతున్నప్పుడే, ఆయన ఇష్టంతో, డాక్టరు సర్టిఫికెట్‌తో చేయించుకోవాలి. ఇది మొదటి ఆసుపత్రి రోజున ఎత్తే సంగతి కాదు, కానీ ఏడాది వాయిదా వేసేదీ కాదు.

మళ్లీ రమ్మన్న తేదీని ఆసుపత్రి కౌంటరు దగ్గరే రాయించుకుని రండి, వీలైతే అదే డాక్టరు, అదే పొద్దుటి వేళ. బయటికి రాగానే ఆయనకు ఇష్టమైన హోటల్లో ఇడ్లీయో కాఫీయో ఇప్పించండి.